వ్యాయామం వ్యసనమైతే: పాఠకుల ప్రశ్నలకు మానసిక వైద్యుల జవాబులు

ఈసారి అందిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సమస్యకు సంబంధించినవి. మొదటి రెండింటికి వివరంగా జవాబు చెప్పవలసిన అవసరం ఉంది కనుక ఈ నాలుగూ కాక మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచుతున్నాం.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా వారి వయసు 42, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఐదేళ్ల కిందట మా మామగారు గుండెపోటుతో పోయారు. ఆ తరవాత పరీక్ష చేయిస్తే మా వారికి షుగరు వచ్చే సూచనలు ఉన్నాయన్నారు. అప్పుడు నడక మొదలుపెట్టారు. నడక కాస్తా పరుగైంది, పరుగు హాఫ్ మారథాన్ల దాకా వెళ్లింది. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి పరుగు, సాయంత్రం జిమ్. ఈ మధ్య మోకాలి కింది ఎముకలో సన్నని పగులు వచ్చిందని, ఆరు వారాలు పరుగెత్తవద్దని ఎముకల డాక్టరు చెప్పారు. రెండు వారాలు గడవకముందే నొప్పి మాత్ర వేసుకుని, క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని నాకు చెప్పకుండా వెళ్తున్నారు. మొన్న రాజమండ్రిలో మా తమ్ముడి పెళ్లిలో తలంబ్రాల వేళకు ఆయన కనబడలేదు. వెతుక్కుంటూ వెళ్తే, పట్టుపంచె పైకి ఎగగట్టి, కాళ్లకు పరుగు బూట్లతో కల్యాణమండపం వెనుక మెట్లు ఎక్కి దిగుతున్నారు. అడిగితే కసురుకున్నారు. ఎవరితో చెప్పుకున్నా "తాగుడా, పేకాటా? నువ్వు అదృష్టవంతురాలివి" అంటున్నారు. ఇది నిజంగా జబ్బేనా? బూట్లు దాచేస్తే మానుతారా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ భయం అకారణం కాదు. "తాగుడు కాదు కదా" అనే మాటే ఇలాంటివారిని వైద్యుల దాకా రానివ్వకుండా అడ్డుపడుతోంది. తాగి వచ్చిన మనిషిని ఇంటిల్లిపాదీ నిలదీస్తారు. పగిలిన ఎముకతో పరుగెత్తే మనిషికి మాత్రం వాట్సాప్ గ్రూపులో అభినందనలు వస్తాయి. ఇంట్లో మీరొక్కరే దీన్ని గమనిస్తున్నారంటే, మీరు గోరంతను కొండంత చేస్తున్నారని కాదు, మిగిలినవారికి ఆ మెట్ల దగ్గరి దృశ్యం కనబడలేదని అర్థం.

వైద్యరంగానికి ఇది కొత్త విషయం కాదు. 1970లో అమెరికాలో ఫ్రెడరిక్ బేక్‌లండ్ అనే పరిశోధకులు, వ్యాయామం అలవాటున్నవారు నెల రోజులు మానేస్తే వారి నిద్ర ఎలా మారుతుందో చూడదలిచారు. రోజూ చేసేవారిలో, డబ్బిస్తామన్నా మానడానికి ఒప్పుకునేవారు దొరకలేదు. చివరకు వారానికి మూడు నాలుగు రోజులు మాత్రమే చేసేవారితో ఆ పరిశోధన సాగించవలసి వచ్చింది. వారు కూడా ఆ నెలలో నిద్ర చెడిందనీ, ఆందోళన పెరిగిందనీ చెప్పారు. 1976లో విలియం గ్లాసర్ అనే సైకియాట్రిస్ట్ పరుగును మనిషికి మేలుచేసే వ్యసనంగా వర్ణించారు. మూడేళ్లకే విలియం మోర్గాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాని రెండో వైపును చూపించారు. గాయమైనా ఆగకుండా, ఉద్యోగాన్నీ సంసారాన్నీ పక్కకు నెట్టి పరుగెత్తినవారి గురించి ఆయన రాసింది చదివితే మీ ఉత్తరం గుర్తుకు వస్తుంది.

ఇక జబ్బేనా అన్న ప్రశ్న. మానసిక వ్యాధుల నిర్ధారణకు ప్రపంచమంతా వాడే రెండు ప్రధాన గ్రంథాల్లోనూ వ్యాయామ వ్యసనం అనే పేరుతో విడిగా వ్యాధి లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అలవాట్ల వ్యసనాల్లో జూదాన్ని మాత్రమే చేర్చింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో జూదంతో పాటు వీడియో గేముల వ్యసనానికి చోటు దక్కింది. వ్యాయామం విషయంలో ఆధారాలు ఇంకా చాలలేదన్నది ఒక కారణం. ఇది తరచు మరో సమస్యతో కలిసి కనబడడం ఇంకొక కారణం. అయితే జాబితాలో పేరు లేనంత మాత్రాన బాధ లేదనీ, వైద్యం లేదనీ అనుకోకూడదు.

ఎన్ని గంటలు చేస్తున్నారన్నది ఇక్కడ కొలత కాదు. పూర్తి మారథాన్‌కు, అంటే 42.195 కిలోమీటర్లకు తయారయ్యేవారు మీ వారి కన్నా ఎక్కువే పరుగెత్తవచ్చు. కాలు నొప్పి అన్నప్పుడు కోచ్ ఆగమంటే వారు ఆగుతారు, ఆ పూట పిల్లలతో గడుపుతారు, రెండు రోజులు విసుక్కున్నా మూడో రోజుకు సర్దుకుంటారు. వ్యసనంలో మనిషి ఆగలేడు. పరుగు తప్ప మరో ఆలోచన ఉండదు. నిన్న చేసినంత ఈరోజు చాలదు. మానిన పూట చిరాకు, అపరాధభావం, నిద్రలేమి మొదలవుతాయి. ఇంట్లో గొడవలవుతున్నా, దెబ్బ తగిలినా కొనసాగుతుంది. తగ్గించుకుందామని నిశ్చయించుకున్నా నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. ఈ లక్షణాల ఆధారంగానే 2004లో బ్రిటన్ పరిశోధకులు ఆరు ప్రశ్నల పట్టిక తయారుచేశారు. అందులో 30 మార్కులకు 24 గానీ అంతకు మించి గానీ వస్తే ప్రమాదపు అంచున ఉన్నట్లు లెక్క. ఆ మార్కులే రోగనిర్ధారణ కాదు, తరవాత వైద్యులతో మాట్లాడాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పగిలిన ఎముక కాదు, మీ మామగారి మరణం. మీ వారు బరువు తగ్గాలని నడక మొదలుపెట్టలేదు. తండ్రి పోయిన తరవాత, తనకూ అదే గతి పడుతుందేమోనన్న భయంతో మొదలుపెట్టారు. ఆ భయాన్ని ఆయన ఎవరితోనైనా చెప్పుకున్నారా? తండ్రి కోసం ఎప్పుడైనా నోరారా ఏడ్చారా? మన ఇళ్లలో పెద్దకర్మ అయ్యేదాకా మగవాడికి పనులతో ఊపిరి సలపదు, ఆ తరవాత ఆ ఊసు ఎవరూ ఎత్తరు. వ్యాయామం ఆందోళనను నిజంగానే తగ్గిస్తుంది, దిగులును తేలికపరుస్తుంది, దానికి గట్టి ఆధారాలున్నాయి. సరిగ్గా అందుకే, మనసులోని కలవరానికి వేరే దారి దొరకనివారు దాని మీదే పూర్తిగా ఆధారపడే ప్రమాదం ఉంది. మొదట్లో పరుగెత్తితే హాయిగా ఉందని పరుగెత్తుతారు, కొన్నాళ్లకు పరుగెత్తకపోతే ఉండలేమని పరుగెత్తుతారు. హాయి కోసం కాక కలవరాన్ని తప్పించుకోవడానికి చేయడం మొదలైనప్పుడే అలవాటు వ్యసనం వైపు మళ్లుతుంది. దీనికంతటికీ ఎండార్ఫిన్లే కారణమని పత్రికల్లో చదివి ఉంటారు. ఎండార్ఫిన్ల ప్రభావాన్ని అడ్డుకునే మందు ఇచ్చినా పరుగు తరవాతి ఉల్లాసం తగ్గలేదని ఇటీవలి ప్రయోగాల్లో తేలింది. శరీరంలోనే తయారయ్యే ఇతర రసాయనాలకూ ఇందులో పాత్ర ఉందని ఇప్పుడు భావిస్తున్నారు. ఒక్క రసాయనం పేరు చెప్పి దీన్ని తేల్చివేయలేం.

కాబట్టి దయచేసి బూట్లు దాచకండి. నా అభిప్రాయంలో కుటుంబాలు చేసే పొరపాట్లలో ఇది పెద్దది. ఐదేళ్లుగా మనసులోని దుఃఖాన్నీ భయాన్నీ అణచి ఉంచుతున్నది ఆ పరుగే. దాన్ని ఒక్కసారిగా లాగేసి ఆ స్థానంలో ఏమీ ఇవ్వకపోతే, అణిగి ఉన్నదంతా ఒక్కపెట్టున పైకి వచ్చి డిప్రెషన్‌లోకి దిగిపోవచ్చు. పైగా ఆయన ఇంకో జత కొనుక్కుంటారు, మీకు తెలియని చోట పరుగెత్తుతారు.

మాట్లాడడానికి వేళ ఎంచుకోండి. తెల్లవారుజామున బూట్ల లేసులు కట్టుకుంటున్నప్పుడు వద్దు, నలుగురిలో అసలే వద్దు. "మీకు పిచ్చి పట్టింది" అనకుండా, మీరు చూసినదాన్నీ మీకు కలిగిన బాధనూ చెప్పండి: "తలంబ్రాలప్పుడు మీరు పక్కన లేకపోతే నాకు ఏడుపు వచ్చింది. మీ కాలు చూస్తుంటే భయమేస్తోంది. మామయ్యగారు పోయినప్పటి నుంచి మీరు మనసు విప్పి మాట్లాడలేదు." మొదటిసారి కసురుకున్నా, ఆ మాట ఆయన చెవిన పడే ఉంటుంది.

ముందు ఆ ఎముకల డాక్టరు దగ్గరికే ఇద్దరూ కలిసి వెళ్లండి. సన్నని పగులు మీద బరువు పడుతూనే ఉంటే అది పూర్తిగా విరిగి, ఆపరేషన్ దాకా వెళ్లవచ్చు. నొప్పి తెలియకుండా మాత్రలు మింగి, చెమటతో ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో పరుగెత్తితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మూత్రం కోలా రంగులోకి మారి, కండరాలు విపరీతంగా నొప్పి పెడితే అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పరుగుకు బదులు ఈత కొట్టవచ్చా అని ఆయన అడుగుతారు. డాక్టరు ఒప్పుకుంటే మంచిదే, అయితే తెల్లవారుజామున రెండు గంటల పరుగు రెండు గంటల ఈతగా మారితే సమస్య చోటు మారినట్లే తప్ప తగ్గినట్లు కాదు.

తరవాత సైకియాట్రిస్ట్ గానీ క్లినికల్ సైకాలజిస్ట్ గానీ అవసరం. తాగుడులో లాగా జీవితాంతం పూర్తిగా మానమని ఇక్కడ ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. హద్దుల్లో చేయగలగడమే చికిత్స లక్ష్యం. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ముందుగా ఒక విశ్రాంతి రోజు పెట్టుకుని, ఆ రోజు మనసులో వచ్చే ఆలోచనలను కాగితం మీద రాయిస్తారు. "ఈరోజు మానితే షుగరు వచ్చేస్తుంది", "నాన్నలాగే నేనూ పోతాను" వంటి మాటలు ఆ కాగితం మీదికి వచ్చినప్పుడే అసలు చికిత్స మొదలవుతుంది. రోజుల లెక్క తెగిపోతుందని హెచ్చరించే స్మార్ట్‌వాచ్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టిస్తారు. ఆందోళన వ్యాధి గానీ డిప్రెషన్ గానీ ఉన్నట్లు తేలితే మందులు పనిచేస్తాయి. ఆయన రానంటే మీరొక్కరే వెళ్లి సలహా తీసుకోవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు, హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తే సగమైపోయింది. అరిసె ముక్క నోట్లో పెట్టుకుని వెంటనే మేడ మీదికి వెళ్లి స్కిప్పింగ్ మొదలుపెట్టింది. రాత్రి గది తలుపు వేసుకుని ఉన్నచోటే గంటల తరబడి నడుస్తోంది. పీరియడ్స్ వచ్చి ఐదు నెలలైందట. "ఫిట్‌గా ఉన్నానమ్మా" అంటోంది. లేడీ డాక్టరు దగ్గరికి వెళ్తే మాత్రలు ఇస్తారు కదా, సరిపోతుందా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: సరిపోదమ్మా. పై ఉత్తరంతో పోలిస్తే మీ అమ్మాయి విషయంలో తొందర ఎక్కువ అవసరం. అక్కడ పరుగే ప్రధాన సమస్య. ఇక్కడ వ్యాయామం, తిండికి సంబంధించిన మరో జబ్బుకు పనిముట్టుగా మారినట్లు కనబడుతోంది. తిన్న ప్రతి ముద్దనూ వెంటనే కరిగించుకోవాలన్న తపన, ఒళ్లు తగ్గిపోతున్నా లావుగానే ఉన్నానన్న నమ్మకం, పీరియడ్స్ ఆగిపోవడం కలిసి వచ్చినప్పుడు అనొరెక్సియా నెర్వోసా ఉందేమోనని తప్పక పరీక్షించాలి. మానసిక వ్యాధుల్లో ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నవాటిలో అది ఒకటి.

తినేదాని కన్నా ఖర్చయ్యే శక్తి ఎక్కువైనప్పుడు శరీరం అత్యవసరం కాని పనులను ఒక్కొక్కటిగా ఆపుకుంటూ వస్తుంది, వాటిలో ముందుగా ఆగేవాటిలో నెలసరి ఒకటి. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గడంతో, ఎముకలు గట్టిపడవలసిన ఈ వయసులోనే గుల్లబారడం మొదలవుతుంది. క్రీడాకారుల్లో కనిపించే ఈ పరిస్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టి, ఇది అబ్బాయిలకూ వస్తుందని స్పష్టం చేసింది. హార్మోన్ మాత్రలతో రక్తస్రావం తెప్పించవచ్చు. కానీ దానివల్ల ఎముకలు బాగుపడవు, అంతా సర్దుకుందన్న భ్రమ మాత్రం మీకూ అమ్మాయికీ కలుగుతుంది. అందువల్ల గైనకాలజిస్టును కలిసినా సైకియాట్రిస్టును కూడా కలవండి, బరువు, నాడి, రక్తపోటు, రక్తంలో పొటాషియం వంటి లవణాలు, ఈసీజీ, వైద్యులు అవసరమంటే ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేయించండి. కళ్లు తిరిగి పడిపోవడం, కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి 50 కన్నా తగ్గడం, ఛాతీలో దడ, వాంతులు ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

భయంతో ఒక్కసారిగా కొసరి కొసరి తినిపించే ప్రయత్నం చేయవద్దు. చాలాకాలం సరిగా తినని శరీరానికి అకస్మాత్తుగా ఎక్కువ ఆహారం అందితే రక్తంలో ఫాస్ఫేటు వంటి లవణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, ఎంత పెట్టాలో వైద్యులే నిర్ణయించాలి. బంధువులకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి. "చిక్కిపోయావే" అన్నా, "ఇప్పుడు బాగున్నావు, మొన్నటిదాకా బొద్దుగా ఉండేదానివి" అన్నా ఆ పిల్ల మనసులో మళ్లీ అద్దం, తూకమే మెదులుతాయి. రెండో మాట అన్నవారు మెచ్చుకున్నామనే అనుకుంటారు. మన పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆడపిల్ల ఒంటి మీద వ్యాఖ్య చేయడం పలకరింపులో భాగమైపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. చదువు ఒక సెమిస్టర్ వెనుకబడినా ఫరవాలేదు, ముందు పిల్లను దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మూడేళ్లుగా రోజూ రెండు పూటలా జిమ్‌కు వెళ్తున్నాను. అందరూ బాడీ బాగుందంటారు, నాకు మాత్రం అద్దంలో బక్కగానే కనబడతాను. అందుకే ఎండలో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటాను. ఏడాదిగా ట్రైనర్ చెప్పిన ఇంజెక్షన్లు తీసుకుంటున్నాను. ఈ మధ్య కోపం ఎక్కువైంది, రాత్రి నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బాబూ, అద్దం గురించి దాచకుండా రాయడం సామాన్యమైన సంగతి కాదు. ఒళ్లు ఎంత పెరిగినా చిన్నగానే ఉందని తోచే ఈ స్థితిని అమెరికా సైకియాట్రిస్ట్ హారిసన్ పోప్, ఆయన సహచరులు 1993లో బాడీ బిల్డర్లలో వర్ణించారు. 1997లో దానికి మజిల్ డిస్‌మార్ఫియా అని పేరు పెట్టారు. తన శరీరంలో లేని లోపాన్ని ఉందని నమ్మి బాధపడే వ్యాధిలో ఒక రకంగా డీఎస్ఎం-5 దీన్ని గుర్తించింది. అంటే మీ సమస్య కండల్లో లేదు, కనుక ఇంకో రెండంగుళాలు పెరిగినా అది తీరదు. థెరపీతో, కొందరిలో మందులతో, ఇది తగ్గుతుంది.

ఆ ఇంజెక్షన్లు అనబాలిక్ స్టెరాయిడ్లు, అంటే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను పోలిన మందులు, అయ్యే అవకాశం ఎక్కువ, మీ కోపానికీ నిద్రలేమికీ అవే కారణం కావచ్చు. వాటివల్ల గుండె కండరం దళసరిగా మారుతుంది, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, వృషణాలు కుంచించుకుపోయి వీర్యకణాలు తగ్గిపోతాయి. ఇకపై వేయించుకోవద్దు. అయితే మానిన తరవాత శరీరం తన టెస్టోస్టిరాన్‌ను తిరిగి తయారుచేసుకోవడానికి నెలలు పడుతుంది. ఆ వ్యవధిలో తీవ్రమైన డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు. అందుకని ఎండోక్రైనాలజిస్టుకు, సైకియాట్రిస్టుకు ఏ మందు, ఎంత కాలం వాడారో ఉన్నదున్నట్లు చెప్పండి, వీలైతే ఆ సీసాలను తీసుకువెళ్లి చూపండి. ఇంట్లో కనీసం ఒక్కరికైనా ఈ విషయం తెలిసి ఉండాలి. చచ్చిపోవాలనిపిస్తే ఏ వేళైనా 14416కు ఫోన్ చేయండి, ఆ పూట ఒంటరిగా ఉండకండి.

ప్రశ్న: నేను స్కూల్లో టీచర్‌ని, 35 ఏళ్లు. డిప్రెషన్‌కు నాలుగు నెలలుగా మాత్ర వాడుతున్నాను. డాక్టరు గారి సలహాతో రోజుకు 40 నిమిషాల చొప్పున వారానికి ఆరు రోజులు వేగంగా నడుస్తున్నాను. చాలా తేలిగ్గా ఉంది. ఇది కూడా వ్యసనమవుతుందా? నడక పనిచేస్తోంది కనుక మాత్ర మానవచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీది వ్యసనం కాదు. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మీ 240 నిమిషాలు ఆ హద్దుల్లోనే ఉన్నాయి. పరీక్ష పేపర్లు దిద్దవలసిన రోజున నడక మానేసి, మర్నాడు మామూలుగా వెళ్లగలుగుతున్నారంటే నిశ్చింతగా కొనసాగించండి. జ్వరంలో కూడా వెళ్లాలనిపించినా, తిన్నదానికి శిక్షగా నడుస్తున్నట్లు అనిపించినా మీ డాక్టరుకు చెప్పండి.

మాత్రను మాత్రం సొంతంగా ఆపవద్దు. ఇప్పటి తేలికదనంలో నడకది ఎంత, మందుది ఎంత అని మీరు విడదీసి చూడలేరు. లక్షణాలు పూర్తిగా తగ్గిన తరవాత కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలి, ముందే ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెదరడం కూడా ఉంటాయి. ఆ ఆరు నెలలు ఏ రోజు నుంచి లెక్కించాలో ఈసారి వెళ్లినప్పుడు మీ డాక్టరునే అడగండి, గడువు పూర్తయ్యాక ఆయన చెప్పిన ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వెళ్లండి.